ఎర్ర చుక్క పెట్టిన గడిలో ఎవరి మెయిల్ ఐడీ ఉంది? ఐటీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖల మంత్రి దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి,



తెలంగాణ వచ్చాక ఐటీ శాఖను ఎక్కువ కాలం చూసిన ఇద్దరినీ పాత కరీంనగర్ జిల్లానే గెలిపించి పంపింది. సిరిసిల్ల కేటీఆర్‌ను పంపింది, మంథని మిమ్మల్ని పంపింది. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరుచుకుంది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు మొదటగా అందిన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. టవర్లు, కేబుళ్లు వచ్చిన సంతోషం ఈ ప్రాంతానికి ఉంది. ఈ లేఖ మాత్రం వాటికంటే చాలా చిన్న విషయం గురించి. ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, ఆధార్, మొబైల్ నంబరు తర్వాత ఒక గడి వస్తుంది. ఈ-మెయిల్ ఐడీ. దాని పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. అంటే అది నింపకపోతే దరఖాస్తు ముందుకు పోదు.

ఆ గడిని ఉత్తర తెలంగాణలో ఎవరు నింపుతున్నారు? చాలాచోట్ల దరఖాస్తుదారు నింపడు. ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల, ఉట్నూర్, ఆసిఫాబాద్, ఏ ఊరైనా సరే, బస్టాండు దగ్గరో కలెక్టరేట్ ఎదురుగానో నెట్ సెంటర్లు ఉంటాయి. ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చినా, డిగ్రీ సీటుకు దోస్త్ మొదలైనా, స్కాలర్‌షిప్ రెన్యువల్ చేయాల్సి వచ్చినా జనం అక్కడికే పోతారు. చివరి రోజు సాయంత్రం బయట వరుస ఉంటుంది, సర్వర్ నెమ్మదిస్తుంది, ఆపరేటర్ తల ఎత్తకుండా అడుగుతాడు.

"మెయిల్ ఐడీ చెప్పు తమ్మీ."

"లేదన్నా."

"సరే తియ్, సెంటర్‌ది పెడుత."

ఒక్కోసారి ఆపరేటర్ అప్పటికప్పుడు కొత్త ఖాతా తెరుస్తాడు. రికవరీకి తన ఫోన్ నంబరే ఇస్తాడు, పాస్‌వర్డ్‌ను ఆధార్ జిరాక్స్ వెనక రాసిస్తాడు. ఆ జిరాక్స్ ఎన్నాళ్లు ఇంట్లో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఇంకా తొందరైతే పేరు పక్కన 123 తగిలించి, జీమెయిల్ డాట్ కామ్ అని ముగిస్తాడు. ఈ మూడింటినీ ఫారం ఒకేలా ఒప్పుకుంటుంది. "దరఖాస్తు విజయవంతంగా సమర్పించబడింది" అని పచ్చ అక్షరాలు వస్తాయి. ఆ తర్వాత హాల్‌టికెట్ కబురు, తప్పులు దిద్దుకునే గడువు, సర్టిఫికెట్ల పరిశీలన తేదీ, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు అన్నీ నెట్ సెంటర్ ఇన్‌బాక్స్‌కో, ఎవరో అపరిచితుడి ఇన్‌బాక్స్‌కో పోతాయి.

ఇందులో ఆపరేటర్‌ను తప్పుపట్టడం అన్యాయం. 2011 నవంబరులో మీసేవ మొదలైనప్పటి నుంచి ప్రభుత్వానికీ పల్లెకూ మధ్య నిలబడి, వేళ్లు నొప్పి పుట్టేదాకా టైప్ చేస్తున్నది ఇలాంటి కుర్రాళ్లే. మెయిల్ లేని మనిషిని మెయిల్ అడిగి, లేకపోతే వెనక్కి పంపే ఫారం ఎదురుగా ఉన్నప్పుడు వాళ్లు చేయగలిగిందే చేస్తున్నారు. తప్పు ఫారంలో ఉంది. ఆ ఫారాలు ఎలా ఉండాలో చెప్పగల అధికారం మీ శాఖకు ఉంది.

ఫారం ఆ గడిలో చూసేదేమిటి? మధ్యలో @ గుర్తు ఉందా, దాని తర్వాత ఒక చుక్క ఉందా, ఖాళీలు లేవా, అంతే. బ్రౌజర్లలో ఈ-మెయిల్ కోసమే పెట్టిన గడి ఇంకా ఉదారం. @కు అటు ఒక అక్షరం, ఇటు ఒక అక్షరం ఉంటే చుక్క లేకున్నా సరేనంటుంది. ఉత్తరం మీద పిన్‌కోడ్‌లో ఆరంకెలు ఉన్నాయని చూసి, ఇక ఆ ఇంట్లో ఆ మనిషే ఉన్నాడని నమ్మేయడం లాంటిది ఇది. 504తో మొదలైతే ఆదిలాబాద్ వైపు, 505తో మొదలైతే కరీంనగర్ వైపు అని పోస్టాఫీసు చెప్పగలదు. తలుపు తీసేది ఎవరో చెప్పాలంటే పోస్ట్‌మ్యాన్ పోయి తట్టాలి.

తెలుగు పేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్ పెట్టి రాసేవారున్నారు, కేఎస్‌హెచ్ పెట్టి రాసేవారున్నారు, చివర ఐ బదులు వై పెట్టేవారూ ఉన్నారు. మీ పేరే చూడండి. శ్రీకి ఎస్‌ఆర్‌ఐ అని ఒకరు, ఎస్‌ఆర్‌ఈఈ అని ఇంకొకరు, ఎస్‌హెచ్‌తో మొదలుపెట్టి మరొకరు రాస్తారు. అమ్మాయి నోటితో చెబుతుంది, ఆపరేటర్ చెవితో విని టైప్ చేస్తాడు. ఆకారం సరిగ్గానే ఉంటుంది. అక్షరం మారినందున ఆ అడ్రసు ఇంకొక లక్ష్మిది అవుతుంది. ఆ ఇంకొక లక్ష్మి నిజంగానే ఏ గుంటూరులోనో డల్లాస్‌లోనో ఉంటుంది. మెయిల్ వెనక్కి తిరిగి రాదు, ఆమెకు చేరుతుంది. పుట్టిన తేదీ, కులం, హాల్‌టికెట్ నంబరు, ఫోటోతో సహా.

"మెయిల్ ఐడీ మళ్లీ టైప్ చేయండి" అని రెండో గడి పెట్టేవాళ్లున్నారు. తన అడ్రసు తానే కొట్టుకునేవాడికి వేలు జారితే అది పట్టుకుంటుంది. విని కొట్టేవాడు మాత్రం రెండుసార్లూ అదే కొడతాడు.

చివరి భాగంలో ఒక్క అక్షరం జారినా ఇదే కథ. డాట్ కామ్‌లో మొదటి అక్షరం సీ పోతే మిగిలేది ఓఎం, అది ఒమన్ దేశానికి కేటాయించిన గుర్తు. జగిత్యాల, నిర్మల్ నుంచి ఎందరో ఏ ఒమన్‌కు బతుకుదెరువుకు పోతున్నారో ఆ ఒమన్‌కే. మధ్యలో ఓ పోతే సీఎం, అది కామెరూన్. చివర ఎం పోతే సీఓ, అది కొలంబియా. ఫారం దృష్టిలో మూడూ మంచి అడ్రసులే. పెద్ద పెద్ద వ్యవస్థలకూ ఇది తప్పలేదు. అమెరికా సైన్యం మెయిళ్ల చివర ఎంఐఎల్ ఉంటుంది. ఆఫ్రికాలోని మాలి దేశపు గుర్తు ఎంఎల్. మధ్యలో ఐ కొట్టడం మరిచి పంపిన మెయిళ్లు మాలి డొమైన్‌కు చేరుతున్నాయని 2023 జులైలో బయటపడింది. ఆ ఏడాది జనవరి నుంచి అప్పటికి పోగైనవే దాదాపు 1,17,000. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సైన్యానికే అలా జరిగినప్పుడు, నార్నూర్ నుంచి వచ్చి చివరి బస్సు అందుకోవాలన్న తొందరలో ఉన్న పిల్లవాడిని "సరిచూసుకోలేదేం" అని అడగడం భావ్యం కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. అక్కరలేని అడ్రసును లోపలికి రానిచ్చే ఫారమే, సక్రమమైన అడ్రసును గుమ్మంలోనే ఆపేస్తుంది. చివరి చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉండాలని పాత రోజుల్లో ఎవరో రాసిన నిబంధనను ఇప్పటికీ కాపీ కొట్టి వాడేవాళ్లున్నారు. ఆరక్షరాల మ్యూజియం అనే డొమైన్ 2001లోనే వచ్చింది. 2013 తర్వాత అలాంటి పొడవైనవి వందల కొద్దీ వచ్చాయి. ప్రమాణాల ప్రకారం @కు ముందు 64 అక్షరాల దాకా, మొత్తం 254 అక్షరాల దాకా ఉండొచ్చు. ముప్పై అక్షరాలకే గడి కట్టేసి, మిగతావి చప్పుడు చేయకుండా కోసేసే ఫారం మరీ ప్రమాదకరం. తెర మీద ఏ తప్పూ కనపడదు, డేటాబేస్‌లో మాత్రం సగం అడ్రసే ఉంటుంది. ఫోన్ కీబోర్డు సలహా ఇచ్చిన మాటను నొక్కితే చివర ఒక ఖాళీ చేరుతుంది. ఆ ఖాళీని తీసేయడం ప్రోగ్రామర్‌కు ఒక్క పదం పని. అది చేయకుండా ఎర్ర అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో, "చెల్లని మెయిల్ ఐడీ" అని చెబితే కంటికి కనపడని తప్పును మనిషి ఎక్కడ వెతకాలి?

ఇక తెలుగులో ఉన్న మెయిల్ అడ్రసు సంగతి. తెలుగు లిపిలో డాట్ భారత్ అనే డొమైన్ 2011లోనే ఇంటర్నెట్ మూల సర్వర్లకెక్కింది. @కు ముందు భాగాన్ని కూడా ఏ లిపిలోనైనా రాసుకునే ప్రమాణాలు 2012 నాటికి ఖరారయ్యాయి. 2017 డిసెంబరులో రాజస్థాన్ ప్రభుత్వం తన ప్రజలకు హిందీలో ఉచిత మెయిల్ అడ్రసులిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి అడ్రసు సంపాదించుకున్నవాడు దాన్ని దరఖాస్తు ఫారంలో కొడితే ఏమవుతుంది? బ్రౌజర్ల ఈ-మెయిల్ గడికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఇచ్చిన నమూనాలో @కు ముందు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటుంది. తెలుగు అక్షరం పడగానే అది తప్పంటుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో బయటపడ్డ గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. ఆ లిపిలో బడిపిల్లలు తమ పేరు కంప్యూటర్‌లో రాసుకోగలుగుతున్న కాలంలో, రాష్ట్ర ప్రభుత్వపు సొంత ఫారం రాష్ట్రభాషలో ఉన్న అడ్రసును చెల్లదని వెనక్కి కొట్టడం చిన్నతనం. ఇవాళ అలాంటి అడ్రసులున్నవారు కొద్దిమందే కావచ్చు. ఫారాలు ఒప్పుకోకపోతే ఆ కొద్దిమంది ఎప్పటికీ పెరగరు.

ఒక అడ్రసు పనికొస్తుందో లేదో తేల్చే దారి ఒక్కటే. దానికి మెయిల్ పంపాలి, అందుకున్న మనిషి తిరిగి సమాధానం చెప్పాలి. మధ్యలో అడ్డదారులున్నాయి. @ తర్వాతి భాగానికి మెయిల్ తీసుకునే సర్వర్ ఉందా అని డొమైన్ రికార్డుల్లో చూడొచ్చు. జీమెయిల్‌లో అక్షరాలు తారుమారైతే "మీరు చెప్పదలుచుకున్నది ఇదేనా?" అని అక్కడికక్కడే అడగొచ్చు. ఇవి రెండూ మంచివే, తప్పకుండా పెట్టాలి. ఇంకొంచెం ముందుకుపోయి "ఈ పేరుతో ఖాతా ఉందా" అని అవతలి సర్వర్‌నే అడిగే ఆదేశం ప్రమాణాల్లోనే ఉంది. స్పామర్లు దాన్ని పాడుచేశారు కనుక ఇప్పుడు చాలా సర్వర్లు దానికి సూటిగా జవాబివ్వవు. ఏం చేసినా చివరికి తలుపు తట్టక తప్పదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. గల్ఫ్‌కు పోయే ప్రతి కుటుంబానికీ తెలిసిన పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్ ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. ఖాతా తెరవగానే మెయిల్‌కు లింకు వస్తుంది. దాన్ని నొక్కి లాగిన్ పేరు ఇస్తే తప్ప ఖాతా పనిచేయదు. కరీంనగర్ ఆపరేటర్లకు ఈ పద్ధతి కొట్టిన పిండి. రాష్ట్ర పోర్టళ్లలోనూ పెడితే వాళ్లకు కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు.

పెట్టేటప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని పెట్టకూడదు. పది నిమిషాల్లో చచ్చిపోయే కోడ్‌ మాదాపూర్‌కు సరిపోతుంది. కెరమెరి ఘాట్ అవతల, తిర్యాణి, గాదిగూడ వైపు సిగ్నల్ కోసం మిట్ట ఎక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. పైగా తెలియని చోటు నుంచి వచ్చిన మెయిల్‌ను కొన్ని సర్వర్లు కావాలనే మొదటిసారి తిప్పి పంపుతాయి, కాసేపాగి మళ్లీ వస్తేనే తీసుకుంటాయి. స్పామ్‌ను ఆపడానికి అదొక పద్ధతి. కోడ్‌ గడువు ఆలోగానే తీరిపోతుంది. కాబట్టి లింకు కనీసం ఒక రోజు బతకాలి. అది నొక్కేదాకా దరఖాస్తును ఆపకూడదు. దరఖాస్తు తీసుకుని, "మెయిల్ ఇంకా నిర్ధారణ కాలేదు" అని రసీదు మీద తెలుగులో అచ్చు వేసి, అప్పటిదాకా ముఖ్యమైన కబుర్లన్నీ మొబైల్‌కు పంపితే చాలు.

అసలు ఆ ఎర్ర చుక్క ఎందుకు? మెయిల్ లేనివాడి దగ్గర మెయిల్ అడగడం వల్లే అబద్ధపు మెయిళ్లు పుడుతున్నాయి. ఉత్తర తెలంగాణలో ఈ గడిని తప్పనిసరి చేసిన ప్రతి ఫారమూ కొన్ని దొంగ అడ్రసులను తనే తయారు చేసుకుంటోంది. చుక్క తీసేసి, గడి కింద ఒక ప్రశ్న పెట్టాలి: "ఈ అడ్రసు ఎవరిది? నాది, ఇంట్లోవారిది, సెంటర్‌ది." దాచిపెట్టే అవసరం లేనప్పుడు జనం నిజమే చెబుతారు. సెంటర్‌ది అని చెప్పినవారికి పాస్‌వర్డ్ మార్పు లింకులు మెయిల్‌కు పంపకూడదు, మొబైల్‌కే పంపాలి. ఇంటికొకే ఫోను ఉంటుందని కేంద్రం కోవిడ్ టీకాల నమోదు పోర్టల్ కోవిన్‌లో ఒప్పుకుంది. ఒక్కో మొబైల్ నంబరు మీద మొదట నలుగురికి, 2022 జనవరి నుంచి ఆరుగురికి నమోదు అవకాశమిచ్చింది. మెయిల్‌కు కూడా అలాంటి హద్దు పెట్టొచ్చు. ఆరుగురికి మించి ఒకే అడ్రసు కనిపిస్తే అది ఇల్లు అయ్యే అవకాశం తక్కువ, సెంటర్ అయ్యే అవకాశం ఎక్కువ అని పోర్టల్ గుర్తించాలి. జీమెయిల్ @కు ముందు చుక్కలను లెక్కచేయదు కనుక, చుక్కలు మార్చి కొట్టినవి కూడా ఒకటిగానే లెక్కపడాలి.

ఒకసారి నిర్ధారించిన అడ్రసు ఎప్పటికీ ఉంటుందనీ అనుకోవద్దు. ఉదాహరణకు, 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ జరిగింది, అదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. మొదటి నోటిఫికేషన్ నుంచి ఆ మెయిన్స్‌కు రెండున్నరేళ్లు. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను తొలగించడం గూగుల్ 2023 డిసెంబరులో మొదలుపెట్టింది. 2022లో నెట్ సెంటర్‌లో తెరిచి, మళ్లీ తెరవని జీమెయిల్ ఖాతాకు 2024లో పంపిన మెయిల్ ఎక్కడికి పోవాలి? సర్వర్ "అలాంటి ఖాతా లేదు" అని 550 నంబరుతో తిప్పి పంపుతుంది. ఆ తిరుగు టపాను చదివే ఏర్పాటు ఉన్న ఆఫీసుకు విషయం తెలుస్తుంది, లేనిచోట అది ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటుంది. మెయిల్ తిరిగొచ్చిన గంటలోపు ఆ అభ్యర్థి మొబైల్‌కు "మీ మెయిల్ పనిచేయడం లేదు, మార్చుకోండి" అని తెలుగులో సందేశం పోవాలి. ఈ లేఖలో అడిగే వాటిలో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువమందిని కాపాడేది ఇదే.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఎనిమిదో సెక్షన్‌లో, ఒక మనిషికి సంబంధించిన నిర్ణయానికి వాడే డేటా సంపూర్ణంగా, కచ్చితంగా ఉండేలా చూసే బాధ్యతను దాన్ని సేకరించేవారి మీదే పెట్టారు. హాల్‌టికెట్, సీటు, స్కాలర్‌షిప్ ఇవన్నీ అలాంటి నిర్ణయాలే. "అభ్యర్థి ఇచ్చిన వివరాలకు అభ్యర్థిదే బాధ్యత" అని ఫారం అడుగున ఒక గడి టిక్ చేయించుకుంటే సరిపోతుందనుకునే అలవాటు ఇకనైనా పోవాలి.

మంత్రి గారూ, ఒక్కో పోర్టల్‌ను ఒక్కో సంస్థ కడుతుంది. కొన్నిటిని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్, కొన్నిటిని ఎన్‌ఐసీ, మరికొన్నిటిని ప్రైవేటు కంపెనీలు. ఎవరికి తోచిన నిబంధన వాళ్లు రాసుకోవడం వల్లే ఒకచోట చెల్లిన అడ్రసు ఇంకోచోట చెల్లడం లేదు. మెయిల్ గడికి రాష్ట్రమంతా ఒకే నిబంధన, ఒకే నిర్ధారణ సేవ మీ శాఖ తయారుచేసి ఇవ్వొచ్చు. పెద్ద టెండరు అవసరమయ్యే పని కాదు. వచ్చే డిగ్రీ ప్రవేశాలకు ముందే దోస్త్‌లోనూ, స్కాలర్‌షిప్‌ల ఈ-పాస్‌లోనూ పెట్టి చూడండి. పరీక్షించడానికి మాత్రం సచివాలయంలో ఫైబర్ లైనున్న గదిని ఎంచుకోవద్దు. మీ మంథనిలో ఒక నెట్ సెంటర్, ఐటీడీఏ ఉన్న ఉట్నూర్‌లో ఒక నెట్ సెంటర్ తీసుకోండి. ఫారం రాసిన ఇంజనీర్లను గడువు ముగిసే రోజు సాయంత్రం ఆ ఆపరేటర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. ఎక్కడ ఆగిందో రాసుకుని రమ్మనండి. ఆ కాగితంలో ఏముందో, దానిలో ఎన్ని సరిచేశారో ఆ ప్రవేశాలు ముగిసేలోగా ప్రజలకు చెప్పండి.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక పాత్రికేయుడు